బల్లల దగ్గర ఏడుగురు: సంఘంలో పరిచర్య పిలుపు మీద ఒక కేస్ స్టడీ

"ఫలానావాడు సేవలోకి వచ్చాడు" అంటే మన క్రైస్తవ సంఘాల్లో అర్థం ఒక్కటే. ఉద్యోగం మానేశాడు, బైబిల్ ట్రైనింగ్‌కి వెళ్లాడు, రేపో మాపో పాస్టరవుతాడు. ఆదివారం తెల్లవారకముందే వచ్చి చాపలు పరిచే మనిషినీ, ఏళ్ల తరబడి కానుకల లెక్క రాసే మనిషినీ సేవలో ఉన్నారని ఎవరూ అనరు. "చర్చి పనులు చూస్తుంటాడు" అంటారు. ఒకదానికి పిలుపు కావాలి, ఇంకోదానికి ఖాళీ ఉంటే చాలు అన్న లెక్క ఈ రెండు మాటల్లోనే ఉంది. చాలా సంఘాల్లో పనికి మనుషులు దొరక్కపోవడం ఇక్కడే మొదలవుతుంది. పిలుపంటే ఎవరికి వారికి ఒంటరి ప్రార్థనలో వినబడే స్వరమే అనుకున్నంతకాలం, ఆ స్వరం వినని వాళ్లంతా వచ్చి, కూర్చుని, కానుక వేసి వెళ్లిపోతారు.

ఇక్కడ తీసుకున్న కేసు పాతదే: యెరూషలేము సంఘం, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం, 1 నుంచి 7 వచనాలు. కమిటీ ప్రమాణ స్వీకారం నాడు తప్పకుండా చదివే భాగం. అది విని ఆమెన్ అని ఇంటికి వెళ్తాం. దాన్నే ఒక పని ఎక్కడ తెగింది, ఎలా అతికారు అన్న చూపుతో చదివితే చాలా సంగతులు బయటపడతాయి.

కేసు పరిస్థితి

పెంతెకొస్తు పండుగ నాడు ఈ సంఘంలో చేరినవారు ఇంచుమించు 3,000 మంది (అదే పుస్తకం 2:41). నాలుగో అధ్యాయానికి పురుషుల లెక్కే 5,000 దాకా వెళ్లింది (4:4). అమ్మిన పొలాల సొమ్మంతా అపొస్తలుల (సంఘాన్ని నడిపించిన పన్నెండు మంది ముఖ్య శిష్యుల) పాదాల దగ్గర పెట్టేవారు, అక్కడినుంచి ఎవరికి ఎంత అక్కరో అంత పంచేవారు (4:35). అంటే రాబడికీ, పంపకానికీ, బోధకీ దారి ఒక్కటే, పన్నెండు మంది. 120 మంది ఉన్నప్పుడు (1:15) ఈ ఏర్పాటు నడుస్తుంది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అందరికీ తెలుస్తుంది కాబట్టి. వేలల్లోకి వచ్చాక నడవదు.

తెగింది కూడా సరిగ్గా బలహీనమైన చోటే. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. ఈ విధవరాండ్రలో చాలామంది బయటి దేశాలనుంచి వచ్చి స్థిరపడినవారు అయివుండాలి. ఊళ్లో బంధువులు తక్కువ, భాష వేరు. ఎవరూ కావాలని వాళ్లను మానేసినట్టు లేఖనం చెప్పదు. పంచేవాళ్లు తమకు తెలిసిన ఇళ్లకు వెళ్లారు, తెలియని ఇళ్లు తప్పిపోయాయి అనుకుంటే సరిపోతుంది. చెడ్డ మనసు లేకుండానే అన్యాయం జరిగిపోయే తీరు ఇది, సంఘాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ ఇదే.

మన దగ్గర దీని రూపం భాష కాదు, పేట. ఒక పేటవాళ్లు కమిటీలో ఉంటే రెండో పేటలో మంచాన పడ్డ ముసలమ్మ పేరు ప్రార్థన అంశాల్లోకి కూడా రాదు. హైదరాబాదు వంటి చోట కొత్తగా అద్దెకు దిగిన కుటుంబం ఆరు నెలలు వచ్చినా వాళ్ల ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. మాల, మాదిగ తేడా కానుక సంచి దాకా, శ్మశానం దాకా వెళ్లిన సంఘాలు ఉన్నాయన్నది దాచేస్తే దాగేది కాదు. సణుగుడు వినగానే "విశ్వాసంలో బలహీనులు" అని కొట్టిపారేస్తే కేసు అక్కడే మూసుకుపోతుంది. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు, ఫిర్యాదు నిజమా కాదా అని వాదించనూ లేదు. సమూహాన్ని పిలిచారు.

వాళ్లు చేసిన పని, చేయని పని

ముందు చేయనిది చూద్దాం. "ఎవరికైనా భారం ఉంటే ముందుకు రండి" అని వాళ్లు అడగలేదు. పుల్పిట్ నుంచి ఆ ప్రకటన చేసిన ప్రతిసారీ వచ్చేది రెండు రకాలవాళ్లే: ఖాళీ ఉన్నవాళ్లు, మైకంటే ఇష్టమున్నవాళ్లు. తగినవాళ్లు సాధారణంగా తమను తాము తగినవాళ్లమనుకోరు కాబట్టి చేయెత్తరు. ఇంకొకరు పేరు పెట్టి పిలవాల్సిందే.

ఇక చేసినది. పని ఏమిటో ముందు తేల్చారు: బల్లల దగ్గర పంపకం. ఎంతమంది కావాలో చెప్పారు: ఏడుగురు. ఎలాంటివాళ్లు కావాలో చెప్పారు: మంచిపేరు పొంది, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారు. ఈ మూడూ అపొస్తలులు చెప్పారు. మనుషులను ఏర్పరచుకునే పని మాత్రం సమూహానికి వదిలారు. తిరిగి చేతులుంచి ప్రార్థించి నియమించింది అపొస్తలులే. కొలతా నియామకమూ పెద్దలవి, ఎంపిక జనానిది. మనవాళ్లు ఈ అమరికను రెండు వైపులా విరగ్గొడతారు. ఒకచోట కాపరే తన మనుషులను పిలిచి పదవులిస్తాడు, జనం తల ఊపుతారు. ఇంకోచోట కొలతలన్నీ పక్కకు నెట్టి ప్యానెళ్లు, ప్రచారం, విందులతో పంచాయతీ ఎన్నికల్ని మించిన ఎన్నిక పెడతారు. మొదటి దాంట్లో నమ్మకం పోతుంది, రెండో దాంట్లో ఓడిన సగం సంఘం వచ్చే ఎన్నిక దాకా అలిగి కూర్చుంటుంది.

ఏర్పడినవారు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, అంతియొకయవాడైన నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఆ కాలంలో హెబ్రీయులకూ గ్రీకు పేర్లుండేవి కాబట్టి పేరు ఒక్కటే రుజువు కాదు, కానీ ఏడుకి ఏడూ అవే కావడం చూస్తే నష్టపోయిన పక్షం చేతికే పంపకం అప్పగించారన్న అభిప్రాయం బలంగా నిలుస్తుంది. రెండో పేటవాళ్లు అన్యాయం జరిగిందంటే వాళ్లలో నమ్మకస్తులకే లెక్కల పుస్తకం ఇవ్వడమన్నమాట. చెప్పినంత సులువు కాదది.

ఇంకో సంగతి తెలుగు బైబిల్లోనే కనిపిస్తుంది. మొదటి వచనంలో "అనుదిన పరిచర్య", నాలుగో వచనంలో "వాక్యపరిచర్య". గ్రీకులోనూ రెండుచోట్లా మాట ఒక్కటే, దియాకోనియా. అన్నం పెట్టడమూ వాక్యం చెప్పడమూ ఒకే పేరున్న పని. ఆ ఏడుగురిని ఈ భాగంలో ఎక్కడా పరిచారకులు (డీకన్లు) అన్న పదవి పేరుతో పిలవలేదు. పని ముందు వచ్చింది, బిరుదు వెనక వచ్చింది.

ఫలితం ఏడో వచనంలో ఉంది: వాక్యం ప్రబలింది, శిష్యుల సంఖ్య విస్తరించింది, యాజకుల్లో అనేకులు విశ్వాసానికి లోబడ్డారు. బల్లల దగ్గర పెట్టిన స్తెఫను యూదుల మహాసభ ముందు నిలబడి సాక్ష్యమిచ్చి రాళ్లదెబ్బలకు చనిపోయాడు. ఫిలిప్పు సమరయకు వెళ్లాడు, చాలా కాలం తర్వాత కైసరయలో "ఏడుగురిలో నొకడు" అన్న గుర్తింపుతోనే కనిపిస్తాడు (21:8). వడ్డన చేసినవాడు వడ్డన దగ్గరే ఆగిపోవాలన్న నియమం లేదు. అలాగే ఇది శాశ్వతమైన ఏర్పాటు కూడా కాదు. 11వ అధ్యాయంలో కరువు సాయం వచ్చినప్పుడు అది చేరింది పెద్దల చేతికి (11:30).

120 కుటుంబాల సంఘానికి అన్వయిస్తే

లెక్క కోసం 120 కుటుంబాలు, ప్రభుబల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలుపొందేవారు 200 మంది ఉన్న సంఘాన్ని తీసుకుందాం. ఒక కాపరి, అయిదారుగురు పెద్దలు. ఇలాంటి చోట మొదటి పని మనుషుల జాబితా రాయడం కాదు, పనుల జాబితా రాయడం. ఒక నెలలో గుడి తలుపు తెరిచిన దగ్గర్నుంచి మూసే దాకా జరిగేవన్నీ, పక్కన ఇప్పుడు ఎవరు చేస్తున్నారో కూడా రాయాలి. ముప్ఫై, నలభై పనులు తేలతాయి, వాటిలో సగం నలుగురైదుగురి మీదే ఉన్నట్టూ తేలుతుంది. మొదటిసారి ఈ కాగితం చూసిన కమిటీ కాసేపు మాట్లాడదు.

ఆ తర్వాత ఒక్కో పనికి మూడు వాక్యాలు: ఏం చేయాలి, వారానికి ఎన్ని గంటలు, ఎప్పటిదాకా. "సండే స్కూల్ చూసుకో" అన్నది పని కాదు, గొయ్యి. "ఆదివారం ఉదయం గంటన్నర, శనివారం సిద్ధపాటు గంట, 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు పన్నెండు మంది, రెండేళ్లు" అంటే అది పని. పిల్లల తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఇది ఎవరి మీదా అనుమానం కాదు, పిల్లలకూ టీచరుకూ ఇద్దరికీ రక్షణ. గది లేక ఒక్కరినే పెట్టాల్సి వస్తే తరగతిని వరండాలో అందరికీ కనబడేలా పెట్టడం మేలు.

మంచిపేరు అన్న కొలతను గుడి లోపల కాదు, బయట చూడాలి. కిరాణా కొట్లో బాకీ ఎలా తీరుస్తాడు, ఒకరింట్లో విన్నది ఇంకొకరింట్లో చెబుతాడా, తాగుడు అలవాటుందా. 1 తిమోతి 3వ అధ్యాయం పరిచారకుల గురించి అడిగేవి ఇంచుమించు ఇవే. ఆ అధ్యాయమే "మొదట పరీక్షింపబడవలెను" అంటుంది (3:10). అందుకే పేరు అనుకోగానే చేతులుంచకుండా, మూడు నెలలు పాత మనిషి పక్కన ఉంచి పని చేయించాలి. మూడు నెలల్లో ఎన్ని ఆదివారాలు సమయానికి వచ్చాడన్నది ఎవరి సాక్ష్యం కంటే పెద్ద సాక్ష్యం. సరిపడకపోతే ఇంకో పని చూపించవచ్చు, పరువు పోదు. పదవి ఇచ్చి తీసేస్తే మాత్రం కుటుంబం మొత్తం సంఘం మారిపోతుంది.

పిడికెడు బియ్యం, దాని లెక్క

యెరూషలేము కేసుకి దగ్గరగా ఉన్న పని మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. పిడికిలిని బట్టి 40 నుంచి 60 గ్రాములు. సగటున 50 అనుకుంటే నెలకు ఇంటికి కిలోన్నర. 120 ఇళ్లలో 80 ఇళ్లు క్రమంగా వేస్తే 120 కిలోలు. అంటే పన్నెండు ఇళ్లకు నెలకు పదేసి కిలోలు ఇవ్వవచ్చు, ఎవరి దగ్గరా చేయి చాపకుండా.

చెడేది ఎక్కడంటే, సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం ఒకే డ్రమ్ములో పడతాయి. వండితే ఒకటి ముద్దవుతుంది, ఇంకోటి పలుకు మిగులుతుంది. తీసుకున్న ముసలమ్మ నోరు విప్పి చెప్పదు, కోళ్లకు వేస్తుంది. కనీసం రెండు డ్రమ్ములు వేరుగా పెట్టాలి. వర్షాకాలంలో పురుగు పడుతుంది కాబట్టి ఎండిన వేపాకు వేసి, ఆ నెల బియ్యం ఆ నెలలోనే ఖాళీ చేయాలి. నిల్వ చేసి క్రిస్మస్‌కి ఒకేసారి ఫొటోలతో పంచే అలవాటు ఈ పరిచర్యకు పట్టిన పెద్ద పురుగు. "అనుదిన" అన్న మాట ఊరికే రాలేదు.

ఎవరికి ఇవ్వాలన్నదానికి 1 తిమోతి 5వ అధ్యాయంలో జాబితా పద్ధతే ఉంది: వయసు అరవై దాటడం, చూసే పిల్లలు, మనుమలు లేకపోవడం, ఉంటే ముందు వాళ్లకు వాళ్ల బాధ్యత గుర్తుచేయడం. ఈ మూడోది మనవాళ్లు వదిలేస్తారు. కొడుకు బైకు మీద తిరుగుతుంటే తల్లి సంఘం బియ్యంతో బతకడం కనబడితే వేసేవాళ్లు ఆపేస్తారు. జాబితా పేటలవారీగా ఇద్దరిద్దరు తిరిగి రాయాలి, ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ కావాలి. పొయ్యి దగ్గరి సంగతి ఆడమనిషికే చెబుతారు. రోమా 16:1లో ఫీబేను సంఘ పరిచారకురాలనే అన్నాడు పౌలు. మన స్త్రీల సమాజాలు ఇప్పటికే చేస్తున్న పనికి ఆ పేరు పెట్టడానికి ఇబ్బంది పడాల్సిన పని లేదు. జాబితాను ఆరు నెలలకోసారి తిరగరాయాలి, గుడి గోడకు అంటించకూడదు.

కానుక సంచి

డబ్బు విషయంలో పౌలు జాగ్రత్త చూడదగ్గది. చందా మోసుకెళ్లడానికి సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు, ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నాడు (2 కొరింథీ 8:19–21). దీన్ని ఆదివారం క్రమంగా మారిస్తే ఇలా ఉంటుంది. సంచి బల్ల మీదనుంచి నేరుగా లోపలి గదికి వెళ్తుంది. చుట్టరికం లేని ఇద్దరు, ఆరాధన ముగిసిన అరగంటలోపు, తలుపు తీసే ఉంచి లెక్కపెడతారు. 500, 200, 100 అని నోట్లవారీగా చీటీ రాస్తారు, చిల్లర వేరే గీతలో. ఇద్దరూ సంతకం పెట్టాక ట్రెజరర్ పుస్తకంలో ఎక్కిస్తాడు, చీటీ పారేయడు, ఫైలు చేస్తాడు. సోమవారం బ్యాంకులో వేస్తాడు. లెక్కపెట్టేవాళ్లు ట్రెజరర్ కాకూడదు, నాలుగు వారాలకోసారి మారాలి.

చెడేది దొంగతనంతో కాదు. "ఈ వారం కరెంటు బిల్లుకి ఇందులోంచే కట్టేశాం" అన్న దగ్గర మొదలవుతుంది. వచ్చినది వచ్చినట్టు బ్యాంకులో పడకుండా మధ్యలో ఖర్చయితే ఏ లెక్కా మళ్లీ కుదరదు. తర్వాత బ్యాంకు దూరమని సొమ్ము ఇంట్లో ఉంటుంది, ఇంట్లో ఆసుపత్రి ఖర్చొస్తుంది, వచ్చే నెల పెట్టేద్దామనుకుంటారు. ఆ మనిషి దొంగ కాదు. నిజాయితీపరుణ్ని శోధనలో ఒంటరిగా వదిలేసింది సంఘం. కోత పండుగ వేలంలో ఇది ఇంకా ఎక్కువ: గుమ్మడికాయ, కోడిపుంజు, బస్తా వడ్లు ఉత్సాహంగా పాడేస్తారు, డబ్బు తర్వాత ఇస్తామంటారు. పాట దగ్గరే పేరు, మొత్తం, గడువు రాసి సంతకం తీసుకోని వేలం సగం కాగితం మీదే మిగులుతుంది.

ప్రభుబల్ల సిద్ధపాటు గురించి క్లుప్తంగా. చిన్న గిన్నెలు వాడే సంఘంలో మనిషికి 10 మి.లీ. చొప్పున 200 మందికి రెండు లీటర్లు, ఒలికేదానికి ఇంకో 200 మి.లీ. నలభై గిన్నెల పళ్లేలు ఐదు, అదనంగా ఒకటి. రొట్టె ముక్క అంచులు తీసి నాలుగు అడ్డం, నాలుగు నిలువు కోస్తే పదహారు, కాబట్టి పదమూడు ముక్కలు చాలు. రసం ఆ ఉదయమే పోయాలి, ముందు రాత్రి పోస్తే పులుస్తుంది, చీమలు పడతాయి. ఈ పని చేసే ఇద్దరి పేర్లు సంవత్సరానికి ఒక్కసారైనా సంఘం ముందు చదవాలి, చాలామందికి వాళ్లెవరో తెలియదు.

దోర్నకల్ నుంచి ఒక ఆధారం

ఇదంతా చదువుకున్న పట్నం సంఘాలకు గాని, పల్లెలకు కుదరదన్న వాదన వినబడుతుంటుంది. దానికి జవాబు మన నేలమీదే ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి నుంచి తెలుగు నేలకు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన అధ్యక్ష మండలంలో (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతంలో) ఎక్కువమంది అక్షరం రాని వ్యవసాయ కూలీలు. బాప్తిస్మం పొందేవారిచేత తమ చేయి తమ తలమీదే పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్న 1 కొరింథీ 9:16 మాటను పలికించేవాడు. పిలుపు కోసం ఎదురుచూడమనలేదు, బాప్తిస్మమే పిలుపన్నాడు. మామూలు విశ్వాసులను పక్క ఊళ్లకు పంపే సాక్ష్య వారాలు ఆ మండలంలో క్రమంగా జరిగేవి. పని కూడా వాళ్లకు తెలిసినదే ఇచ్చారు: పాట పాడడం, తమ జీవితంలో మారినది చెప్పడం, ధాన్యంలో వంతు తేవడం. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్ ఇప్పటికీ అక్కడే ఉంది, కానీ ఈ కేసుకి పనికొచ్చే సాక్ష్యం ఆ గుమ్మటాలు కాదు, తలమీద పెట్టుకున్న ఆ చేయి.

ఒక హెచ్చరిక కూడా. ప్రతివాడూ పిలవబడ్డవాడే అన్నది ప్రతివాడి మీదా మూడేసి పనులు పెట్టడానికి లైసెన్సు కాదు. మొదటి ఏడాది ఉత్సాహంగా చేసిన యువతి రెండో ఏడాది క్వయర్, సండే స్కూల్, వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ బడి) మూడూ మోసి, మూడో ఏడాది గుడికే రావడం మానేస్తుంది. ఒకరికి ఒక పని, దానికో ముగింపు తేదీ. ఎక్కువ పనులు ఉన్నాయంటే మనుషులు తక్కువని కాదు, కొన్ని పనులు ఆపాల్సిన రోజు వచ్చిందని కూడా కావచ్చు.

అప్పగింత

గడువు పూర్తయిన రోజు జరగాల్సింది చాలా సంఘాల్లో జరగదు. పాత ట్రెజరర్ దిగిపోయాక కూడా బ్యాంకు సంతకం ఆయనదే, బీరువా తాళంచెవి ఆయన కోడలి దగ్గర, మైకు సెట్ కొన్న బిల్లు ఎక్కడుందో ఆయనకే తెలుసు. అందుకని దిగే ముందు నెలలోనే కొత్త మనిషి పక్కన కూర్చుని ఒక్కోటి రాసుకోవాలి: తాళంచెవులు ఎన్ని, నకళ్లు ఎవరి దగ్గర, పుస్తకాలు ఏ తేదీ దాకా రాసి ఉన్నాయి, పాస్‌బుక్ నిల్వ, బాకీలు, చాపలు, పళ్లేలు, డ్రమ్ముల లెక్క, సాయం పొందే ఇళ్ల జాబితా. ఇద్దరూ, ఒక పెద్దా సంతకం పెట్టిన మూడు ప్రతులు. బ్యాంకులో సంతకాల మార్పుకి కమిటీ తీర్మానం నకలు అడుగుతారు, ఆ తీర్మానం అదే కూడికలో రాసేయాలి. ఆదివారం ఆరాధనలో కొత్తవారి మీద చేతులుంచే ముందు పాతవారిని పేరు పెట్టి పిలిచి, నిలబెట్టి ప్రార్థించి, వాళ్ల చేతులమీదుగానే తాళంచెవులు ఇప్పించాలి.